పాతవాళ్లకి ఇబ్బంది కలగరాదు

మల్కిపాలెం రిజిస్ట్రారు ఆఫీసులో ఒక మాఘమాసపు ఉదయం, నమోదుకు వచ్చిన పెళ్లిళ్లన్నీ నమోదైనవి నమోదైనట్టే రద్దయిపోయాయి. దంపతుల మధ్య గొడవలేమీ లేవు. చాలామందికి గొడవపడేంత పరిచయం కూడా ఇంకా కాలేదు. పసుపుబట్టలు మార్చకుండానే వచ్చి కౌంటరు ముందు నిలబడ్డారు. గుమస్తా చింతాడ అప్పలస్వామి పేర్లు కొట్టాడు. ప్రింటరు కిర్రుమంటూ కాగితం వదిలింది. దానిమీద, "పై వివాహము రద్దు చేయబడినది. శుభమస్తు" అని ఉంది.

మొదటి జంట శుభమస్తు ఒక్కటే చదువుకుని, దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. రెండో జంటలో పెళ్లికూతురు పొట్నూరు రాజేశ్వరి నర్సు. మందుచీటీలు చూసీ చూసీ ఏ కాగితాన్నయినా పైనుంచి కిందిదాకా చదవడం ఆమెకు అలవాటు. చదివి, కాగితం మళ్లీ అప్పలస్వామి ముందు పెట్టింది.

"బాబూ, మాది రద్దయిపోయిందని రాసుంది. మొన్ననే కదా చేసుకున్నాం?"

అప్పలస్వామి కళ్లజోడు సవరించుకుని చూశాడు. "నానేటీ సెయ్యలేదు తల్లీ. పేర్లు కొట్టేనంతే," అన్నాడు. మళ్లీ కొట్టాడు. ఈసారి మిషను, ఈ దంపతుల పెళ్లి ఇదివరకే నమోదై రద్దయింది కాబట్టి మళ్లీ నమోదు కుదరదంది.

వాళ్ల వెనకే ఆ ఊరి ఎమ్మెల్యేగారి మేనల్లుడు కొత్త పెళ్లాంతో నిలబడి ఉన్నాడు. అతని కాగితమూ అలాగే వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఎమ్మెల్యేగారు రాజధానికి ఫోను చేసి, "మా వోడికి పెళ్లి సేసి పంపిస్తే, మీ కంప్యూటరు విడాకులిచ్చి పంపినాదేటండీ!" అని అరిచారు. సాయంత్రానికి ఆ అరుపు విశాఖపట్నంలో ఉన్న మా సంస్థకు చేరింది.

మాది రాష్ట్ర యంత్రవ్యవస్థల సంస్థ. ప్రభుత్వాఫీసుల్లో కంప్యూటర్లన్నీ నడిచే ఆపరేటింగ్ సిస్టం మేమే తయారుచేస్తాం. దాని పేరు 'సుస్థిర'. నేను దానికి వాడకం పుస్తకాలు రాసే ఉద్యోగిని. నా పక్క బల్ల ఇంజనీరు గేదెల హైమావతిది. ఈ కథ చాలావరకు ఆ బల్ల దగ్గరే జరిగింది.

కంప్యూటర్లో ఏ ప్రోగ్రామూ తనంతట తాను ఏ పనీ చేయలేదు. కాగితం అచ్చు వేయాలన్నా, రికార్డు దాచాలన్నా, టైమెంతయిందో తెలుసుకోవాలన్నా ఆపరేటింగ్ సిస్టం దగ్గరకొచ్చి అడగాలి. అలా వచ్చి అడిగే చోటుకి మావాళ్లు 'వాకిలి' అని పేరు పెట్టుకున్నారు. ఒక్కో పనికి ఒక్కో వాకిలి. అక్కడ నిలబడి ఏ మాట ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో ముందే ఖాయం.

రికార్డులు దాచే వాకిట్లో ఎప్పుడో ఒక ఖాళీ గడి వదిలిపెట్టారు. ముందు ముందు అవసరం పడవచ్చునని, అప్పటిదాకా అందులో సున్నా వేయమని చెప్పారు. చెప్పారే గాని, ఎవరు వేస్తున్నారో ఎవరు మానేస్తున్నారో చూసే ఏర్పాటు పెట్టలేదు. ఏళ్లు గడిచాక, తప్పుగా రాసిన రికార్డులను కొట్టివేసే సదుపాయం కావాలని ఆఫీసులు అడిగాయి. ఆ ఖాళీ గడి గుర్తొచ్చి, 'అందులో ఒకటి వేస్తే రద్దు' అని మావాళ్లు కొత్త అర్థం ఇచ్చారు. ఆ మాఘమాసపు పొద్దున్నే ఆ మార్పు అన్ని జిల్లాలకూ పంపారు. మల్కిపాలెంలో కొత్త పెళ్లిళ్లు నమోదుకు వచ్చింది ఆ రోజే.

హైమావతి మర్నాడే బస్సెక్కి మల్కిపాలెం వెళ్లింది. ఆ ఆఫీసు మట్టుకు రాయించుకున్న పెళ్లిళ్ల ప్రోగ్రాము ఆ గడిలో మొదటినుంచీ ఒకటి వేస్తోందని కనిపెట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు. ఎందుకు వేస్తోందో మాత్రం అర్థం కాలేదు. అప్పలస్వామిని అడిగింది.

"అది రాసిన కుర్రోడు నా కాడే కూకుని రాసేడమ్మా," అన్నాడు అప్పలస్వామి. "పెళ్లి కాయితంలో సున్నా ఏటి బావా, అసుబం కాదా అన్నాడు. నానూ నిజివే అన్నాను. సదివింపులు రాసినా నూటొకటని ఎగస్ట్రా ఒకటి కలుపుతాం గదా. ఆ లెక్కనే ఒకటి ఎయ్యమన్నాను."

హైమావతి నవ్వాపుకోలేకపోయింది. వెనక్కి వచ్చి ఆ గడికిచ్చిన కొత్త అర్థాన్ని తీసేయించింది. ఆ రోజునుంచి మల్కిపాలెంలో పెళ్లిళ్లు మామూలుగా నమోదయ్యాయి. కాని ముందు రద్దయిన పెళ్లిళ్లు రద్దుగానే ఉండిపోయాయి. రద్దు తీసేసే వాకిలి సుస్థిరలో లేదు. అది కొత్తగా తెరవాలి.

సరిగ్గా ఆ సమయంలో, ఈ రద్దుల మీద ప్రభుత్వం వేసిన విచారణ సంఘం నివేదిక వచ్చింది. దాన్ని పట్టుకుని ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇచ్చింది. అందులో సారమంతా ఒక్క వాక్యం: "ఇకపై చేయబోవు ఏ మార్పు వలననూ పాతవాళ్లకి ఇబ్బంది కలగరాదు." ఆ ఉత్తర్వును అమలు చేయడానికి మా సంస్థలో 'వెనుకటి పొందిక విభాగం' అని ఒకటి వెలిసింది. డైరెక్టరు కొచ్చెర్లకోట విశ్వపతిగారు స్వయంగా దానికి అధిపతి. హైమావతి అందులో ఇంజనీరు. ఎలాగూ పుస్తకాలు రాస్తున్నాను కదా అని నన్నూ అందులో పడేశారు.

విశ్వపతిగారు చెడ్డమనిషి కాదు. ఎవరికీ కష్టం కలిగించడం ఇష్టం లేని మనిషి. ఎమ్మెల్యేగారి అరుపు చెవిన పడ్డాక ఆ అయిష్టం భయంగా మారింది. మొదటి సమావేశంలోనే ఆయన లేచి నిలబడి ఇలా సెలవిచ్చారు:

"మన వ్యవస్థను వాడుకొనువారు మనము వ్రాసినదానిపై మాత్రమే ఆధారపడుదురని మనము భ్రమించితిమి. కాదు. వారు చూచినదానిపై ఆధారపడుదురు. కావున, ఎవరైననూ, ఎప్పుడైననూ, ఏ కొంచెమైననూ చూచిన ప్రతిదియూ ఇకపై శాశ్వతము."

"తప్పులు కూడానా సార్?" అంది హైమావతి.

"తప్పును తప్పని గుర్తించినవాడు దానిని చూచినట్లే గదా అమ్మా. చూచినది శాశ్వతము."

మొదటి పరీక్ష వారం తిరక్కుండానే వచ్చింది. సుస్థిరలో ఏదైనా పొరపాటు జరిగితే తెరమీద 'తప్పు జరిగినది' అని పడాలి. మొదటినుంచీ అది 'తప్ప జరిగినది' అనే పడుతోంది. దాన్ని సరిచేయాలని హైమావతి ఫైలు పెట్టింది. ఫైలు తిరిగొచ్చింది. ఏ ఆఫీసులోనో ఏ ప్రోగ్రామో ఆ తప్పుడు మాటనే వెతుక్కుంటూ ఉండవచ్చునని విశ్వపతిగారు దానిమీద రాశారు. ఆయన భయం నిజమే. వెతికితే అలాంటి ప్రోగ్రాము ఒకటి దొరికింది. ఆ తప్పుడు మాటను నేను వాడకం పుస్తకంలోకి ఎక్కించి, 'పై విధముగానే చదువుకొనవలెను' అని కింద రాశాను.

తర్వాత వచ్చింది హ్యాంగు వ్యవహారం.

పాత సుస్థిర రోజూ పొద్దున పదకొండు గంటల ప్రాంతంలో కాసేపు బిగుసుకుపోయేది. ప్రోగ్రాములు వాడుకుని వదిలేసిన చోటును తిరిగి తీసుకోవడం దానికి చేతకాక, ఎక్కడికక్కడ నిండిపోయి ఆగిపోయేది. హైమావతి ఆ లోపాన్ని ఉత్తర్వు రాకముందే సరిచేసింది. కొత్త సుస్థిర పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎక్కడా ఆగకుండా పరుగెత్తింది. మేము స్వీట్లు పంచుకున్నాం. ఆ నెలాఖరున గుమస్తాల సంఘం ప్రతినిధులు మా ఆఫీసుకొచ్చారు. ముందు నడుస్తున్నవాడు చింతాడ అప్పలస్వామి. సంఘానికి ఆయనే కార్యదర్శి.

"డైరెక్టరుగారూ, పదకొండు గంటలకి సిస్టం ఆగట్లేదండీ," అన్నాడు.

"అది మంచిదే కదయ్యా?"

"మంచిదెలగవుతాదండీ? ఆగితేనే మేం లెగుస్తాం. లెగిస్తేనే టీ. ఇప్పుడు సిస్టం నడస్తంటే లైన్లో జనం లెగనివ్వట్లేదు. మా ఆఫీసు ముందు టీ కొట్టాయన మూసీసి ఊరెళ్లిపోనాడు. నడుములు పట్టీసి ఇద్దరు సెలవెట్టినారు. పాతోళ్లకి ఇబ్బంది కలక్కూడదని ఆర్డరు మీదే గదండీ?"

హైమావతి మధ్యలో కల్పించుకుంది. "అప్పలస్వామిగారూ, టీకి వెళ్లాలంటే విరామం అడగండి. ప్రభుత్వం ఇస్తుంది."

"ఇరవై ఏళ్లనుంచి అడుగుతున్నాం తల్లీ. గవుర్మెంటు ఇవ్వలేదు. మీ సిస్టమే ఇచ్చింది."

విశ్వపతిగారు చాలాసేపు కళ్లు మూసుకుని ఆలోచించారు. కళ్లు తెరిచాక ఆయన మొహంలో ఒక నిశ్చయం ఉంది. "వ్యవస్థ యొక్క స్తంభనము ఇకపై లోపము కాదు," అన్నారు. "అది సేవ."

ఆ సేవను పునరుద్ధరించే పని హైమావతి మీద పడింది. సిస్టం ఆగకుండా చూడటం నేర్చుకున్న ఇంజనీరు, ఆపడమెలాగో నేర్చుకోవలసి వచ్చింది. అది అనుకున్నంత తేలిక కాదు. మొదటి కృత్రిమ స్తంభనం మరీ పొట్టిదైంది. "టీ ఇంకా వేడిగుండగానే సిస్టం లెగిసిపోనాది," అని ఫిర్యాదు. రెండోసారి కాస్త ఉదారంగా వేసేసరికి, స్తంభనమే స్తంభించి మధ్యాహ్నం భోజనాల దాకా ఎవరూ లేపలేకపోయారు. అప్పలస్వామి ఫోను చేసి, మీ అభిమానానికి చాలా సంతోషం గాని ఇంత అక్కర్లేదని మర్యాదగా చెప్పాడు. మూడోది కుదిరింది. నేను వాడకం పుస్తకంలో 'స్తంభన సేవ' అని ఒక అధ్యాయం రాశాను. టీ కొట్టాయన ఊరినుంచి తిరిగొచ్చాడు.

ఇవన్నీ జరుగుతున్నంతకాలం ప్రతి శనివారం మా వరండా బెంచీమీద ఒక మనిషి కూర్చుని ఉండేది. ఆమె పొట్నూరు రాజేశ్వరి.

మల్కిపాలెంలో ఆ రోజు రద్దయిన మిగతావాళ్లు, సర్టిఫికెట్ లేకపోతే మానె, పెళ్లయితే అయింది కదా అని ఊరుకున్నారు. ఎమ్మెల్యేగారి మేనల్లుడు ఆ కాగితాన్ని ఫ్రేము కట్టించి వచ్చినవాళ్లకు చూపిస్తున్నాడట. రాజేశ్వరికి అలా కుదరదు. ఆమె ఉద్యోగం రంపచోడవరం ఏజెన్సీలో. భర్త లంక సన్యాసిరావు టెక్కలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. భార్యాభర్తలు ఒకచోటికి బదిలీ కావాలంటే పెళ్లి సర్టిఫికెట్ పెట్టాలి. ఆమె దగ్గరున్న ఒక్క కాగితమూ, ఆ పెళ్లి రద్దయిందని చెబుతోంది. వారంలో ఒక్కరోజు సెలవు. ఆ రోజున భర్త దగ్గరికి వెళ్తే మా ఆఫీసుకు రాలేదు. మా ఆఫీసుకు వస్తే భర్తను చూడలేదు.

"ఎన్నాళ్లు పడుతుంది మేడమ్?" అని అడిగేది హైమావతిని.

"ఒక్క వాకిలి తెరిస్తే చాలు రాజేశ్వరీ. నిజానికి నాలుగు రోజుల పని."

"మరి?"

"మరి తెరవకూడదంటున్నారు."

ఒక శనివారం రాజేశ్వరి టిఫిను డబ్బా తెచ్చింది. ముగ్గురం కలిసి పులిహోర తిన్నాం. తింటూ తింటూ ఆమె ఉన్నట్టుండి, "మా ఆయన నిన్న ఫోన్లో, మన పెళ్లి జరిగినట్టా జరగనట్టా అని అడిగాడండీ. సరదాకే అన్నాడు. నాకే నవ్వు రాలేదు," అంది. హైమావతి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి కడుక్కుని, రాజేశ్వరిని వెంటబెట్టుకుని నేరుగా డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది. ఏమవుతుందో చూద్దామని నేనూ వెళ్లాను.

"సార్, పాత వాకిళ్లు వేటినీ ముట్టుకోను," అంది హైమావతి. "వాటి పక్కన కొత్తది ఒకటి తెరుస్తాను. పాత ప్రోగ్రాములు ఎప్పటిలా పాత వాకిళ్లకే వస్తాయి. కొత్తది ఒకటుందని వాటికి తెలియనే తెలియదు. ఇందులోనూ ఖాళీ గడులు ఉంచుతాను, కాని ఈసారి కాపలా పెడతాను. వాటిలో సున్నా తప్ప ఇంకేం రాసినా లోపలికి రానివ్వను. అప్పుడు ఎవరూ అశుభమని ఒకటి వేసి ఊరుకోలేరు. పదేళ్ల తర్వాత మనం ఆ గడికి అర్థం ఇచ్చినా ఎవరి పెళ్లీ చెడదు. పైగా, వచ్చిన ప్రోగ్రాము తన అర్జీలో ఎన్ని గడులున్నాయో, అంటే అది ఎంత పొడుగో ముందే చెప్పాలి. రేపు అర్జీ పెంచినా పొట్టి అర్జీవాడు పొట్టిదే ఇస్తాడు, పొడుగుది తెచ్చినవాడు పొడుగుదిస్తాడు. ఇద్దరికీ పని జరుగుతుంది."

విశ్వపతిగారు శ్రద్ధగా విన్నారు. "బాగున్నది. కాని ప్రస్తుతము మన వాకిళ్లు రెండువందల పన్నెండు. మీది కలిపినచో పదమూడగును. ఆ సంఖ్యను ఎవరైననూ చూచి యుండిన?"

"వాకిళ్లు లెక్కపెట్టుకునేవాళ్లు ఎవరుంటారు సార్?"

"ఎవరూ లేరని చెప్పుటకు మీ వద్ద ఆధారమేమి?"

హైమావతి దగ్గర ఆధారం లేదు. అప్పుడు రాజేశ్వరి ఏడ్చింది. పెద్దగా కాదు. కుర్చీ అంచున కూర్చుని, చీర కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. విశ్వపతిగారు కంగారుపడి లేచి నిలబడ్డారు. నీళ్లగ్లాసు ఆమె ముందుకు జరిపారు. ఫ్యాను పెంచారు. అయినా ఏడుపు ఆగకపోయేసరికి, "అమ్మా, నేను నిరాకరించలేదు. అభ్యంతరములు ఆహ్వానించెదము. రానిచో తెరచెదము," అన్నారు.

రెండు పత్రికల్లో ప్రకటన వేయించారు. రాష్ట్ర ఆపరేటింగ్ సిస్టంలో వాకిళ్ల సంఖ్య పెరగడం వల్ల నష్టం కలిగేవారెవరైనా ఉంటే గడువులోగా తెలియజేయవలెనని. గడువు పూర్తయ్యే రోజు మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. హైమావతి నాకు టీ పోయించింది. టీ తాగుతుండగా పట్టుపంచె కట్టుకున్న ఒక పెద్దాయన లోపలికొచ్చారు. ఆయన సంఖ్యాశాస్త్రం చెప్తారు.

"రెండు, ఒకటి, రెండు. కలిపితే అయిదు," అన్నారాయన విశ్వపతిగారి ఎదురుగా కూర్చుని. "మీకు ముందు పనిచేసిన డైరెక్టరుగారు నన్ను సంప్రదించే ఆ సంఖ్య దగ్గర ఆపించారు. అయిదు బుధుడిది. విద్యకీ లెక్కకీ ఆయనే అధిపతి. పదమూడు చేస్తే మొత్తం ఆరవుతుంది. శుక్రుడి చేతికి పోతుంది మీ కంప్యూటరు. తర్వాత మీ ఇష్టం."

"పెళ్లిళ్లకి శుక్రుడే కదండీ కారకుడు?" అంది హైమావతి ఆశగా.

"పెళ్లిళ్ల వరకూ సరే అమ్మా. పన్నుల శాఖ కూడా ఇందులోనే ఉందిగా?"

విశ్వపతిగారు తల పట్టుకున్నారు. ఇది నిజమైన అభ్యంతరం, నిజమైన మనిషి, గడువు లోపల వచ్చింది. హైమావతి పెద్దాయన వైపు కుర్చీ జరుపుకుంది. తర్వాత అడిగింది: "అయిదు పోకుండా పెంచే మార్గం ఏదైనా ఉందాండీ?"

"ఎందుకు లేదు? తొమ్మిది చొప్పున పెంచుకోండి. రెండువందల ఇరవయ్యొకటి. రెండు, రెండు, ఒకటి. అయిదే."

"నాకు ఒక్కటే కదా కావాలి?"

"మిగిలినవి మూసి ఉంచండి. మాకు అంకె ముఖ్యం."

అలా రద్దయిన పెళ్లిళ్ల కోసం తొమ్మిది వాకిళ్లు మంజూరయ్యాయి. ఒకటి పనిచేసేది. ఎనిమిదింటి దగ్గరికి ఎవరైనా వస్తే 'ఇక్కడేమీ లేదు' అని చెప్పి పంపేవి. హైమావతి జిల్లాలన్నిటి నుంచి పాత ప్రోగ్రాములు తెప్పించి ఒక్కొక్కటే కొత్త సుస్థిర మీద నడిపి చూసింది. అన్నీ ఎప్పటిలాగే నడిచాయి. పదకొండింటికి ఎప్పటిలాగే ఆగాయి. ఎప్పటిలాగే తప్ప జరిగినదన్నాయి. ఆ రోజు ఆమె మొహంలో కనిపించిన సంతోషం నేను అంతకుముందు చూడలేదు. "ఒక్కటి కూడా గుర్తుపట్టలేదు తెలుసా," అంది నాతో. ఇల్లంతా తిప్పి కట్టి కూడా లోపల పడుకున్నవాళ్లకు మెలకువ రానివ్వని తాపీమేస్త్రీలా అంది.

శనివారం మేమందరం మల్కిపాలెం వెళ్లాం. సన్యాసిరావు టెక్కలి నుంచి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. అప్పలస్వామి కౌంటరు దగ్గర కొబ్బరికాయ కొట్టి మరీ పేర్లు కొట్టాడు. కాగితం వచ్చింది. "పై వివాహమునకు రద్దు తీసివేయబడినది. శుభమస్తు." రాజేశ్వరి పైనుంచి కిందిదాకా చదివింది. భర్త పేరు దగ్గర ఆగింది.

"ఇదేంటండీ, సన్ యాసిరావు అని పడింది?"

"మా ప్రింటరు వత్తులు పక్కన ఏస్తాదమ్మా, కిందన కాదు," అన్నాడు అప్పలస్వామి. "మొదట్నుంచీ అంతే. అన్నాఫీసులకీ అలవాటే. ఎవులూ అడగరు."

నిజంగానే ఎవరూ అడగలేదు. వేసవి సెలవులకల్లా రాజేశ్వరికి టెక్కలి ఆసుపత్రికి బదిలీ వచ్చింది. సామాను లారీ ఎక్కించిన రోజున హైమావతికి ఫోను చేసి, ఏమీ మాట్లాడకుండా చాలాసేపు నవ్విందట.

ఆ వత్తులు మాత్రం హైమావతిని నిద్రపోనివ్వలేదు. తెలుగు అక్షరాలకు వత్తులు కిందికి వచ్చేలా అచ్చు వేసే కొత్త వాకిలి ఒకటి తయారుచేసింది. పాత అచ్చు కావలసినవాళ్లకు పాత వాకిలి ఎలాగూ ఉంటుంది. ఫైలు పెట్టింది. విశ్వపతిగారు పిలిపించారు.

"మీ పద్ధతి శ్రేష్ఠమైనది. గత పర్యాయము ఎవరికినీ ఇబ్బంది కలుగలేదు," అన్నారాయన సంతోషంగా. "కావుననే ఆ పద్ధతిని యథాతథముగా స్థిరపరచుచు ఉత్తర్వు వ్రాయించితిని. వాకిళ్లు తొమ్మిదేసి తెరవవలెను. రెండు పత్రికలలో ప్రకటన వేయవలెను. ముందుగా ఏజెన్సీ నుండి ఒక నర్సుగారు వచ్చి, ఈ కుర్చీలో కూర్చుండి కంటతడి పెట్టవలెను."

"సార్, అది పద్ధతి కాదు. అలా జరిగిందంతే."

"జరిగినది నేను చూచితిని గదా అమ్మా."

హైమావతి బయటికొచ్చి నా బల్లమీద తలపెట్టుకుని కాసేపు కూర్చుంది. ఆ తర్వాత రాజేశ్వరికి ఫోను చేసింది. "ఓ శనివారం వీలవుతుందా?" అని అడిగింది. రాజేశ్వరి ఇప్పుడు ఏజెన్సీలో లేదు గాని, మునుపు ఉన్న నర్సే కాబట్టి చెల్లుతుందని విశ్వపతిగారు ముందే తేల్చారు.

వాళ్లిద్దరూ కలిసే వచ్చారు. సన్యాసిరావు చేతిలో స్వీటు డబ్బా ఉంది. వరండాలో హైమావతి సంగతంతా చెప్పింది.

"ఈసారి ఎవరి పెళ్లి మేడమ్?" అంది రాజేశ్వరి.

"పెళ్లి కాదు రాజేశ్వరీ. ప్రింటరు."

"ప్రింటరు కోసం ఏడవాలా నేను?"

"కాస్త. ఎక్కువ అక్కర్లేదు."

లోపలికి వెళ్లి అదే కుర్చీ అంచున కూర్చుంది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక భుజాలు కదిలాయి. విశ్వపతిగారు నీళ్లగ్లాసు జరపబోయి ఆగిపోయారు. అది ఏడుపు కాదు. ఎంత ఆపుకుందామన్నా ఆమెకు నవ్వు ఆగడం లేదు. సంతోషంగా ఉన్న మనిషిని తెచ్చి ఏడవమంటే ఎక్కణ్నుంచి వస్తుంది?

"నవ్వుతో వాకిలి తెరచిన దాఖలా మన సంస్థలో లేదు," అన్నారు విశ్వపతిగారు బాధగా.

"నేను చెప్పొచ్చా సార్?" అన్నాడు సన్యాసిరావు. అప్పటిదాకా గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. "మొన్న ఈవిడ అచ్చు సరిగా లేదంటే, పోనీలెద్దూ, కాగితం వచ్చింది చాలన్నాను. ఆ కాగితం రాకముందు నేను రోజూ ఇద్దరికి సరిపడా బియ్యం పోసి వండేవాణ్ణి సార్. ఎందుకో తెలీదు. చెయ్యి అలా పోసీసేది. లెక్కల మాస్టార్ని, ఒక్కడికెంతో నాకు తెలీదా? వండీసి, ఆ గిన్నెలోకి చూస్తే..." అంతవరకే చెప్పగలిగాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు.

రాజేశ్వరి నవ్వు ఆగిపోయింది. ఈ సంగతి ఆమెకూ అప్పుడే తెలిసింది. లేచి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది. హైమావతి కిటికీలోంచి బయటికి చూసింది. నేను చేతిలో ఉన్న పుస్తకం తిరగేశాను.

విశ్వపతిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫైలు దగ్గరికి లాక్కున్నారు.

"అడిగిన కోరిక అదే రీతి. వచ్చిన కన్నీరు అదే రీతి," అన్నారు. "లోపల పనిచేసినవారు మాత్రమే మారినారు. వెలుపలివారికి ఆ భేదము తెలియనక్కరలేదు. పొందికకు భంగము లేదు." సంతకం చేశారు. రెండువందల ముప్పయి వాకిళ్లు. కలిపితే అయిదే.

సంతకం ఆరేదాకా కాగితం మీద ఊది, ఫైలు హైమావతికిచ్చి, ఆయన తన చేతిరుమాలు తీసి సన్యాసిరావుకు అందించారు.

"మాస్టారూ, వచ్చే పర్యాయము మీరొక్కరు వచ్చినా చాలును," అన్నారు.